లెక్క పుట్టవలసిన చోటు

ఉద్దానపు కొబ్బరితోటల నడుమ నున్న కవిటి, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలముల పల్లెలనుండి తెల్లవారకమునుపే బయలుదేరి, పలాసకో సోంపేటకో వచ్చి, రక్తమిచ్చి, మధ్యాహ్నమువరకు చెట్టునీడన వేచియుండి, చేతికందిన కాగితమును వణకుచేతులతో మడతవిప్పు రోగిని ఎరుగనివారు శ్రీకాకుళము జిల్లాలో అరుదు. ఆ కాగితములపై తరచుగా రెండంకెలు కానవచ్చును. మొదటిది క్రియాటినిన్, అక్షరము రాని ముసలమ్మ సైతము పొరుగింటిదానిని పలుకరించి ‘క్రియాటిన్ ఎంతొచ్చినాది?’ అని అడుగునంతగా ఆ సీమలో ఆ మాట ఇంటిమాట యైపోయినది. రెండవది దాని క్రిందనే యుండు ఈజీఎఫ్‌ఆర్. మూత్రపిండములు నిమిషమునకు ఎన్ని మిల్లీలీటర్ల మేర వడకట్టుచున్నవో తెలుపు అంచనా అది. మొదటి అంకెను యంత్రము కొలిచినది. రెండవదానిని ఏ యంత్రమును కొలువలేదు. అది లెక్కకట్టగా వచ్చినది. ఈ లెక్క ఎచ్చట కట్టబడుచున్నది, ఎచ్చట కట్టబడవలయును అను ప్రశ్న కంప్యూటరు పనివారికి మాత్రమే సంబంధించినదని తోచవచ్చును గాని, శ్రీకాకుళ విజయనగర జిల్లాల ప్రజలందఱికిని సంబంధించిన ప్రశ్న యిది యని నా దృఢవిశ్వాసము.

లెక్కకు గల బలమెట్టిదో ఒక్క ఉదాహరణమువలన తెలియును. ఇరువదియైదేండ్ల యువకునకును, అరువదియైదేండ్ల వృద్ధురాలికిని క్రియాటినిన్ సరిసమానముగా 1.2 వచ్చినదనుకొందము. కాగితముపై ఇద్దరి అంకెయు ఒక్కటియే. కాని 2021లో ప్రకటింపబడిన సూత్రమున వయస్సును, స్త్రీపురుషభేదమును చేర్చి లెక్కించినచో యువకుని ఈజీఎఫ్‌ఆర్ 86 వఱకు వచ్చును. వృద్ధురాలిది 50 దగ్గఱ నిలుచును. 60కి తక్కువైన విలువ మూడునెలలకు పైగా నిలిచియున్నచో దానిని దీర్ఘకాలిక మూత్రపిండవ్యాధిగా వైద్యులు పరిగణింతురు. అనగా ఒకే కొలతగల ఇద్దరిలో ఒకరిని ధైర్యము చెప్పి ఇంటికి పంపవచ్చును. రెండవవారిని మూడునెలలలో తప్పక మరల పిలువవలయును. కొలిచిన అంకెయందు దాగియున్న అపాయమును వెలికితెచ్చినది లెక్కయే.

కార్యాలయములలో ఈ లెక్క జరుగు తీరును కొంచెము వివరింపవలసియున్నది. కొలిచిన విలువలన్నియు డేటాబేసులో భద్రపఱుపబడును: పేరు, గ్రామము, వయస్సు, పరీక్ష తేదీ, క్రియాటినిన్. అందుండి కావలసిన వరుసలను కోరి తీసికొను అభ్యర్థనకు క్వెరీ యని పేరు. ఆ క్వెరీ తెచ్చిన వరుసలను చక్కని పట్టికగా దిద్ది కాగితముపై చూపునది రిపోర్టు. ఇప్పుడు ఈజీఎఫ్‌ఆర్ వంటి లెక్కలను రెండుచోట్ల కట్టవచ్చును. క్వెరీలోనే సూత్రమును వ్రాసి, వరుసలు వచ్చునప్పుడే లెక్కయు కూడ వచ్చునట్లు చేయవచ్చును. లేదా క్వెరీని అట్లే విడిచి, రిపోర్టు ముఖముపై ఒక గడిని గీచి, అచ్చగు వేళకు అందు సూత్రము పనిచేయునట్లు చేయవచ్చును. తొందరలో నున్న పనివాడు సామాన్యముగా రెండవదారినే పట్టును. పట్టిక చూచుటకు బాగుగనే యుండును. అధికారి సంతకము పెట్టును. లోపము ఆనాడు ఎవ్వరికిని కనబడదు.

మన పెద్దలు ఈ భేదము నెరిగినవారే. 1984లో గ్రామకరణముల వ్యవస్థ రద్దగువఱకు ఊరి భూముల సమాచారమంతయు కరణముగారి కవిలెకట్టలో నుండెడిది. ప్రతి సర్వే నంబరునకు విస్తీర్ణమెంత, పైరేమి, నీరెచ్చటిది అనునవి అడంగలులో వేరువేరుగా వ్రాయబడి, జమాబంది సమయమునకు ఆ వివరములనుండియే ఊరి మొత్తములు తీయబడెడివి. మొత్తముపై సందేహము కలిగినపుడు శ్రద్ధగల కరణము చేయవలసిన పని, చివరి కాగితమును దిద్దుట మాని, అడంగలును తెరచి మొదటి వరుసనుండి మరల కూడుకొనుట. కూడిక తన మూలమును విడిచి దూరముగా పోయినకొలది తప్పును పట్టుకొనుట కష్టమగునని అట్టివారెరుగుదురు. కవిలెకట్ట పోయి కంప్యూటరు వచ్చినను ఆ ధర్మము మారలేదు.

లోపము బయటపడునది చార్టు గీయవలసి వచ్చిననాడు. చార్టు గీయు సాధనము రిపోర్టు కాగితమును చదువదు. అది తిన్నగా క్వెరీ తెచ్చిన వరుసలనే అందుకొనును. రిపోర్టుపై అచ్చువేళ పుట్టిన విలువ ఆ పుటతోడనే ముగిసిపోవును గనుక చార్టునకది చిక్కదు. అప్పుడు గుమాస్తా ఏమిచేయును? పట్టికను చూచి అంకెలను ఎక్సెల్ షీటులోనికి ఎక్కించుకొనును. లేదా అందే తనకు తోచిన సూత్రమును మరల వ్రాసికొనును. పై నెలలో మఱియొక గుమాస్తా మఱియొక షీటులో మఱియొక విధముగా వ్రాయును. ఒకరు దశాంశమును దగ్గఱి పూర్ణాంకమునకు సవరింతురు; వేరొకరు విడిచివేయుదురు. ఒకరు వయస్సు తెలియనివారిని తొలగింతురు. వేరొకరు సున్నగా పరిగణింతురు. నేనొకమారు ఒక కార్యాలయమున గోడపైనున్న చార్టును, బల్లపైనున్న పట్టికను ప్రక్కప్రక్కన నుంచి చూచితిని. ఒకే గ్రామమునకు, ఒకే మాసమునకు రెండింటియందును రెండు శాతము లుండెను. ఏది నిజమని యడుగగా అచ్చటివారు మోసము చేయువారు కారు గనుక, తమకు తెలియదని సత్యమే చెప్పిరి. ఆనాటి ఆ మౌనము నన్ను చాలకాలము బాధించినది.

చార్టు కేవలము అలంకారమైనచో ఇంత వేదన యక్కఱలేదు. 1786లో విలియం ప్లేఫేర్ ఇంగ్లండు వర్తకపు లెక్కలను గీతలుగా గీచి అచ్చువేసిన నాటినుండియు, క్రిమియా యుద్ధమున సైనికులు గాయములకంటె రోగములవలననే ఎక్కువగా మరణించిరని ఫ్లారెన్స్ నైటింగేల్ 1858లో వర్ణచిత్రముతో పాలకుల కన్నులు తెరపించిన నాటినుండియు, గీతకు గల శక్తి లోకమునకు తెలిసినదే. నూరు వరుసల పట్టికను చదువ నోపిక లేని మంత్రియు, అధికారియు, పత్రికాపాఠకుడును ఒక్క గీతను చూచి నిమిషములో నిశ్చయమునకు వత్తురు. అట్టి నిశ్చయములపై ఆసుపత్రులు, నీటిగొట్టములు, నిధులు ఆధారపడియుండును. అంతటి భారమును మోయు గీతకు పునాది ఎవ్వరో ఒకనాటి సాయంకాలము తొందరలో వ్రాసికొన్న షీటు కారాదు.

ఉద్దానము విషయమున ఇది మఱింత తీవ్రమైనది. 1990ల నాటినుండి వెలుగులోనికి వచ్చుచున్న ఈ మూత్రపిండవ్యాధికి కారణమేమో నేటికిని నిశ్చయముగా తేలలేదు. మధుమేహము, రక్తపుపోటు లేనివారికిని ఇది వచ్చుచున్నది. శాస్త్రీయముగా జరిగిన సర్వేలలో పెద్దవారియందు సుమారు అయిదుగురిలో ఒకరికి మూత్రపిండముల లోపము కానవచ్చినది. నీరు కారణమని కొందఱు, ఎండలో చేయు కష్టము కారణమని కొందఱు, పురుగుమందులని కొందఱు ఊహించిరి. హిరమండలము జలాశయమునుండి నీటిని తెచ్చు 700 కోట్ల రూపాయల మంచినీటి పథకమును, పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రమును 2023 డిసెంబరు 14న ప్రారంభమైనవి. ఇంత ధనము, ఇంత ఆశ వెచ్చించిన పిమ్మట, కొత్తనీరు వచ్చిన ఊళ్లలో జనుల మూత్రపిండములు క్షీణించు వేగము తగ్గినదా లేదా యని అడుగుట న్యాయమైన ప్రశ్న. దీనికి ఉత్తరమును ఏ ఒక్కనాటి కాగితమును ఇయ్యజాలదు. ఒక్కొక్క రోగి ఈజీఎఫ్‌ఆర్ ఏడాదికేడాదికి ఎట్లు దిగుచున్నదో, నీరు రాకమునుపు ఆ గీత ఎంత నిటారుగా వాలినదో, వచ్చిన తరువాత ఎంత వాలినదో, గ్రామముల వారీగా చార్టు గీచి చూచిననే తెలియును. ఆ గీతలోని ప్రతి బిందువును లెక్కగట్టిన విలువయే. ఆ లెక్క రిపోర్టు పుటలలో చిక్కుకొనిపోయినచో, వేలమంది ఇచ్చిన రక్తపుబొట్లు డేటాబేసులో నుండియు ఈ ప్రశ్నకు సమాధానము చెప్పలేక పడియుండును.

ఈ లెక్కల లోపమునకు చికిత్స సులభమైనదే. 1970లో ఎడ్గర్ కాడ్ సమాచారమును పట్టికలుగా విభజించి, వానిమధ్య సంబంధములను గణితరీతిగా నిరూపించిన నాటినుండియు క్వెరీలోనే లెక్కలు కట్టుటకు దారి యేర్పడియున్నది. సూత్రమును ఒకేచోట, అందఱును చదువదగిన క్వెరీలో వ్రాసి, దానికొక పేరుపెట్టి నిలిపి, పట్టికయు చార్టును ఫోనుతెరపై కనబడు సారాంశమును దానినుండియే తమకు కావలసినది తీసికొనునట్లు చేయుటయే చేయవలసిన పని. ఊరిలో ఒకే నూతినుండి నీరు తోడుకొను ఇండ్లలో నీటిరుచి వేరువేరుగా నుండదు. ఒకవేళ నీరు చెడినను బాగుచేయవలసిన నూయి ఏదో అందఱికిని తెలియును.

సూత్రమును స్థలము మార్చుటతో పని ముగియదు. దానిని సరియైన మెట్టునందు నిలుపవలయును. విజయనగరపు రైతునకు తెలిసిన వానలెక్కతో దీనిని చెప్పెదను. వాన సాధారణముకంటె 19 శాతము వఱకు తగ్గినను ‘సాధారణము’ అనియే వాతావరణశాఖ పరిగణించును. 20 శాతము తగ్గినచో ‘లోటు’ అనును. ఒక చోట సాధారణ వర్షపాతము 300 మిల్లీమీటర్లు కాగా 150 మాత్రమే పడినదనుకొందము. అది 50 శాతపు లోటు. వేరొకచోట సాధారణము 100 కాగా 150 పడినదనుకొందము. అది 50 శాతపు ఆధిక్యము. రిపోర్టులోని రెండు శాతములను తీసి సగటు కట్టినచో సున్న వచ్చును. గీత సమముగా నిలిచి, అంతయు క్షేమమని పలుకును. కాని మొదట వానలను కూడి, సాధారణములను కూడి, పిదప భాగించినచో 400కు 300 మాత్రమే పడినట్లు, అనగా 25 శాతపు లోటు కలిగినట్లు తేలును. ఎండిన నారుమడిముందు నిలుచున్న రైతునకు ఈ రెండు లెక్కలమధ్య భేదము చిన్నది కాదు. వేయిమందిని పరీక్షించిన గ్రామపు శాతమును, యాబదిమందిని పరీక్షించిన గ్రామపు శాతమును సరిసమానముగా తూచు వైద్యశిబిరపు లెక్కలయందును ఇదే దోషము. శాతములను ముందుగా కట్టి పిమ్మట సగటు తీయుట యనెడి ఈ పొరపాటు, లెక్క రిపోర్టుపై కట్టబడినపుడు తఱచుగా జరుగును. ఏలయన చార్టు గీయువానికి శాతము మాత్రమే చేతికి వచ్చును, దాని వెనుకనున్న రెండంకెలు రావు. క్వెరీయందైనచో ఆ రెండంకెలును అందుబాటులో నుండును. కూడిక ముందు, భాగహారము తరువాత యను క్రమమును ఒక్కమారు వ్రాసి శాశ్వతముగా పాటింపవచ్చును.

మన రెండు జిల్లాలకు చెందిన మఱియొక కారణము కలదు. పార్వతీపురమును తలచుకొనుడు. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళము జిల్లా ఏర్పడువఱకు అది విశాఖపట్టణము జిల్లాలోనిది. పిమ్మట శ్రీకాకుళమునకు చెందినది. 1979 జూన్ 1న విజయనగరము జిల్లా ఏర్పడగా అందు చేరినది. 2022 ఏప్రిల్ 4న తానే కేంద్రమై పార్వతీపురం మన్యం జిల్లా యైనది. ఆ 2022 మార్పుతోనే పాలకొండ శ్రీకాకుళమును వీడి మన్యం జిల్లాలో చేరెను. రాజాము శ్రీకాకుళమును వీడి విజయనగరమున కలిసెను. ఊళ్లు కదలలేదు, జనులు కదలలేదు. వారిని చుట్టిన గీతయే కదలినది. ఇప్పుడు ‘శ్రీకాకుళము జిల్లా’ అను పేరుతో 2015నుండి నేటివఱకు ఏ శాతమునకైనను చార్టు గీచినచో, 2022 నడుమ ఆ గీత ఎగసియో కుంగియో కనబడవచ్చును. ఆ ఎగుడుదిగుడులు ఏ తల్లియు అనుభవించినవి కావు, ఏ బిడ్డయు అనుభవించినవి కావు. భాజకము మారుటవలన పుట్టిన భ్రమ అది. పాత రిపోర్టులలో శాతములు మాత్రమే మిగిలియున్నచో పాలకొండ పాలును శ్రీకాకుళపు శాతమునుండి విడదీయుట ఎవ్వరి తరమును కాదు. మూలాంకెలు గ్రామముపేర భద్రముగా నుండి, ఏ గ్రామము ఏనాటినుండి ఏ జిల్లాకు చెందినదో వేరొక పట్టికలో వ్రాసియుండి, శాతమును క్వెరీ కట్టుచున్నచో, నేటి హద్దులను అనుసరించి పది సంవత్సరముల వెనుకటి చిత్రమును గూడ మరల గీయవచ్చును. ఇంతగా హద్దులు మారిన సీమలో లెక్కను హద్దుకు కట్టివేయుట తగదు.

దీనికి వచ్చు ఆక్షేపణలను నేనెరుగుదును. క్వెరీపై భారము పెరిగి కంప్యూటరు నెమ్మదించునని కొందఱందురు. మన జిల్లాల లెక్కలు ఆ యంత్రములకు పెద్ద బరువు కావు. నిజముగా బరువైననాడు రాత్రివేళ ఒకమారు లెక్కకట్టి నిలువచేసికొను ఉపాయము కలదు. సూత్రములే మారుచుండగా వానిని డేటాబేసులో పాతుటయేల యని మఱికొందఱందురు. ఈ ఆక్షేపణ గౌరవింపదగినదే. కాని అది నా పక్షముననే సాక్ష్యము చెప్పుచున్నది. ఈజీఎఫ్‌ఆర్‌నకు 2009లో వెలువడిన సూత్రమును సవరించి, జాతిభేదపు గుణకమును తొలగించి, 2021లో కొత్త సూత్రమును ప్రకటించిరి. ఆ రెండు సూత్రములును ముఖ్యముగా పాశ్చాత్యదేశపు రోగుల సమాచారమునుండి కట్టబడినవి. మండుటెండలో జీడితోటలందు పనిచేయు మన కూలీల శరీరములను చూచి కట్టినవి కావు. రేపు మనవారికి తగిన సూత్రమును మన వైద్యులే నిర్ణయింపవచ్చును. ఆనాడు సూత్రము ఒక్కచోటనే యున్నచో, ఒక్క పంక్తిని మార్చి వెనుకటి సంవత్సరముల రోగులందఱి విలువలను ఒక్కదినమున మరల కట్టవచ్చును. నూరు రిపోర్టులలో నూరు గడులుగా చెదరియున్నచో, మార్చినవెన్నియో, మఱచినవెన్నియో ఎవ్వరు చెప్పగలరు?

అయితే ఈ మార్పు చేయువారు మూడు నియమములను పాటింపవలయును. కొలిచిన మూలాంకెను ఎన్నడును చెరుపరాదు. క్రియాటినిన్‌ను తీసివేసి దాని స్థానమున ఈజీఎఫ్‌ఆర్‌ను మాత్రము నిలుపుట విత్తనపువడ్లను వండుకొని తినుటవంటిది. వయస్సు తెలియనిచోట, భాజకము లేనిచోట ఫలితమును ఖాళీగానే విడువవలయును. సున్నను వ్రాసినచో తెలియమి తెలివిగా నటించును, చార్టులో గీత పాతాళమునకు దిగును. ఏ సూత్రముచేత, ఏ నాటి హద్దులచేత ఈ లెక్క కట్టబడినదో ప్రతి చార్టు అడుగునను తెలుగులో ఒక్క వాక్యమున తెలుపవలయును. వీనికి ధనవ్యయము స్వల్పము, కావలసినది శ్రద్ధ. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి గణాంకశాస్త్రమున లోకప్రఖ్యాతుడైన సి.ఆర్. రావు వంటివారిని చూచిన సీమలో ఇట్టి శ్రద్ధ దుర్లభము కారాదు. మన కళాశాలలలో కంప్యూటరు చదువు నేర్చుచున్న విద్యార్థులకు ఎచ్చటివో అంగళ్ల అమ్మకముల లెక్కలను ఇచ్చుటకు బదులు, పేర్లు తొలగించిన మన జిల్లాల వానలెక్కలను, ఆరోగ్యపు లెక్కలను అభ్యాసమునకు ఇచ్చినచో వారికి విద్యయు వచ్చును, తాము పుట్టిన గడ్డ దుఃఖమును అర్థమగును.

మరల ఆ చెట్టునీడకు పోదము. కాగితము చేతికి వచ్చిననాడు ఆ ముసలమ్మ ‘ఎంతొచ్చినాది?’ అని అడుగును. దానికి కాగితము చాలును. ఆఱునెలల తరువాత మరల వచ్చిననాడు ఆమె అడుగునది వేరు: ‘పెరిగినాదా, తగ్గినాదా?’ ఆమెకే గాక, ఆమె ఊరికిని, ఉద్దానమంతటికిని కావలసిన ప్రశ్న అదే. రెండవ ప్రశ్నకు ఉత్తరము చెప్పవలెనన్నచో కాగితములనన్నిటిని ఒక్క గీతగా కలుపవలయును. ఆ గీతలోని ప్రతి బిందువును ఒకే సూత్రముచేత, ఒకేచోట లెక్కింపబడినదై యుండవలయును. ఆమె కొంగున ముడివేసికొన్న అంకెయు, జిల్లా కేంద్రమున అధికారి చూచు చార్టులోని అంకెయు వేరువేరుగా నున్నంతకాలము ఆమెకు మనమిచ్చు ఉత్తరము నమ్మదగినది కాదు.